రేగడి మీద మొదటి ఏడు: తుంగభద్ర క్యాంపులో ఇల్లు నడిపిన లెక్క

కోస్తా ఆంధ్ర నుంచి వలస వచ్చిన రైతులు తుంగభద్ర కాలువల కింద వేసుకున్న క్యాంపుల కథ ఎవరు చెప్పినా పొలం చదును చేసిన దగ్గర మొదలుపెడతారు. ముళ్లకంప కొట్టారు, గట్లు వేశారు, బీడు మాగాణి అయింది. అదంతా నిజమే. కానీ మొదటి ఏడాదే సామాను సర్దుకుని గోదావరి జిల్లాకు తిరిగిపోయిన కుటుంబాలను నేను చూశాను. వాళ్లలో పొలం లొంగక పోయినవాళ్లు తక్కువ. కార్తీకం రాకుండానే తిండిగింజలు అయిపోయినవాళ్లు, తాగునీటితో జబ్బుపడ్డవాళ్లు, వానాకాలం పొయ్యిలోకి ఎండుపుల్ల దొరక్క విసిగిపోయినవాళ్లే ఎక్కువ. అంచేత ఆ ఏడాది ఇంటి వైపు నుంచి ఎలా నడిచిందో రాస్తున్నాను. కుంచాలూ వీశెలూ ఇప్పటివాళ్లకు తెలియవు కాబట్టి కొలతలు కిలోల్లోకి మార్చాను.

తుంగభద్ర ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్లు వదిలింది 1953లో. అప్పుడు గంగావతి, కారటగి, సింధనూరు చుట్టుపక్కల నేల హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లా. 1956 నవంబరు 1 నుంచి మైసూరు రాష్ట్రం, అంటే ఇప్పటి కర్ణాటక. మాకంటే ముందొచ్చినవాళ్లు ఒక రాష్ట్రంలో భూమి కొని ఇంకో రాష్ట్రంలో పంట కోశారన్నమాట. మేం వచ్చింది 1957 మాఘంలో, రెండెకరాల మాగాణి అమ్మి పదెకరాల నల్లరేగడి కొనుక్కుని. బెజవాడలో మీటర్ గేజి బండెక్కితే గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా హోసపేట. అక్కణ్ణుంచి లారీ. ఊరంటూ లేదు. కాలువ పక్కన నాలుగు పాకలు, దానికే క్యాంపు అని పేరు.

సామాను కట్టే ముందు వెయ్యాల్సిన లెక్క ఒకటుంది. మాఘంలో దిగితే మన చేతికి గింజ వచ్చేది మార్గశిరం దాటాక. అంటే మూడు వందల రోజులు. ఇంట్లో అయిదుగురం, పాలేళ్లు ముగ్గురు, మొత్తం ఎనిమిది మంది. పొలం పని చేసే మనిషికి పూటకు మూడు వందల గ్రాముల బియ్యమైనా కావాలి. అటూ ఇటూ సరిపెట్టుకుంటే రోజుకు అయిదు కిలోలు, మూడు వందల రోజులకు పదిహేను వందల కిలోలు. డెబ్భై అయిదు కిలోల వడ్ల బస్తా దంచితే యాభై కిలోల బియ్యం వస్తే గొప్ప. ఆ లెక్కన ముప్ఫై బస్తాల వడ్లు. ఇవి కాక విత్తనాలు మూడు బస్తాలు. చాలామంది ఇక్కడే పొరపాటు పడ్డారు. ఆరు నెలల తిండి తెచ్చుకుని, తక్కినది కొనుక్కోవచ్చనుకున్నారు. అప్పట్లో చుట్టుపక్కల ఊళ్లలో వరి లేదు. శ్రావణ భాద్రపదాల్లో బియ్యం కొనాలంటే ఎడ్ల ధర పలికేది.

మేం ఇరవై బస్తాలే తెచ్చాం, లారీలో అంతకు మించి పట్టలేదు. మిగతా పది బస్తాల లోటుకు దిగిన నెలలోనే జొన్నలు కొన్నాం. మాఘ ఫాల్గుణాల్లో ఇక్కడ జొన్న కళ్లాలు జరుగుతుంటాయి, ధర బాగా దిగి ఉంటుంది. జొన్న తినడం నామోషీ అనుకున్న ఇళ్లలోనే ముందుగా అప్పులు మొదలయ్యాయి.

ఆవకాయ సంగతి. రెండు పెద్ద జాడీలు, ఒక్కోదాంట్లో పది కిలోలు. లారీ కుదుపులకు నూనె ఒక పక్కకు చేరి, పైకి తేలిన ముక్కలకు బూజు పడుతుంది. అందుకని బయల్దేరే ముందు పైన తేరిన నూనె సీసాల్లోకి వంచి, ముక్కలను గట్టిగా అదిమి, మూతికి రెండు మడతల గుడ్డ కట్టాం. ఇక్కడికొచ్చాక ఆ నూనె కాచి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ ముక్కలు మునిగేదాకా పోశాం. పక్క పాకలోవాళ్లు ఉన్నది ఉన్నట్టుగా తెచ్చి ఒక జాడీ పారబోసుకున్నారు.

ఇక పాక. రేగడి నేల స్వభావం తెలియకుండా దాని మీద ఏదీ కట్టకూడదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వైశాఖంలో మోచేతి దాకా చెయ్యి దిగే నెర్రెలు పడతాయి. మన వైపు అలవాటుగా గొయ్యి తీసి, రాట నిలబెట్టి, తీసిన మట్టితోనే కప్పెడితే ఎండాకాలం మట్టి రాటను వదిలేసి దూరం జరుగుతుంది. గాలికి రాట ఊగుతుంది. వానాకాలం అదే మట్టి ఉబ్బి రాటను పైకి నెడుతుంది. విరుగుడు ఏమిటంటే, గొయ్యి మూడడుగులు తీసి, చుట్టూ నల్లమట్టి బదులు గరుసు, అంటే గులకరాళ్లు కలిసిన గట్టి మట్టి, పోసి, ప్రతి జానెడుకూ నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాలి. నేలకూ అంతే. నల్లమట్టి మీద అలికితే నెల తిరక్కుండా పగుళ్లిచ్చి, వాటిలోంచి తేళ్లొస్తాయి. తొమ్మిది అంగుళాల మందాన గరుసు పరిచి కొట్టి, పైన ఎర్రమట్టి, ఆ పైన పేడ. గరుసు రెండు మైళ్ల అవతలి దిబ్బ నుంచి బండి మీద తోలాలి. పదహారడుగులకు పన్నెండడుగుల పాకకు పద్దెనిమిది బళ్లు పట్టింది. మగవాళ్లు గరుసుకు బళ్లు ఇవ్వడానికి గొణిగారు, పొలం పని ఆగిపోతుందని. పట్టుబట్టి తోలించడమే మంచిదైంది.

వంటపాక వేరుగా, ఇంటికి తూర్పున ఉండాలి. ఇక్కడ జ్యేష్ఠం నుంచి శ్రావణం దాకా పడమటి గాలి ఆపకుండా వీస్తుంది. పొయ్యి పడమటి వైపు ఉంటే రవ్వలు నేరుగా ఇంటి కప్పు మీదికే వస్తాయి. రెండు పాకల మధ్య ముప్ఫై అడుగులు వదిలాం. కప్పుకు తాటాకు మన వైపులా చేతికందేది కాదు. ఈతాకు, రెల్లు, జొన్నచొప్ప కలిపి నేశాం. జొన్నచొప్ప కప్పు ఒక్క వానాకాలానికే. మరుసటేడు వరిగడ్డి చేతికొచ్చాకే గట్టి కప్పు పడింది.

నీళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కాలువ పక్కనే ఉంది కదా, నీళ్లకేం లోటు అనిపిస్తుంది. వేసవిలో కాలువ కట్టేస్తారు. రేగడిలో తవ్విన బావులు చాలావరకు ఉప్పునీళ్లు, పప్పు ఉడకదు. అందుకని కాలువ పారుతుండగానే గుంట తవ్వి నింపుకోవాలి. మాది ఇరవై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు, ఆరడుగుల లోతు. రేగడి కాబట్టి ఇంకిపోదు, అదొక్కటే ఈ మట్టి చేసే ఉపకారం. ఇంత గుంటలో అరవై ఎనిమిది వేల లీటర్లు పడతాయి. ఎనిమిది మందికి మనిషికి ఇరవై లీటర్లు, నాలుగెడ్లకు రెండు గేదెలకు తలా నలభై, వెరసి రోజుకు నాలుగు వందలు. నూట పది రోజులకు నలభై నాలుగు వేలు. తక్కినది ఎండ తాగేస్తుంది. పన్నెండడుగుల గుంట తవ్వి, ఇదేం తక్కువా అనుకున్నవాళ్లు చైత్రం ఆఖరుకే కాలువ అడుగున చెలమలు తీసుకున్నారు.

గుంటలోకి మనిషి గాని, గొడ్డు గాని దిగకూడదు. ఇది శుభ్రం కోసం చెప్పే మాట మాత్రమే కాదు. అప్పట్లో ఈ ప్రాంతంలో నారికురుపు ఉండేది. కాలి పుండులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికొస్తుంది. పుండున్నవాడు నీళ్లలో కాలు పెడితే దాని పిల్లలు నీళ్లలో పడతాయి. కంటికి కనపడీ కనపడని నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తర్వాత పుండు తేలుతుంది. అందుకే దిగుడు బావులు అంత ప్రమాదం. మేం గట్టు నుంచి గుంట మీదికి బల్ల వేసి, దాని మీద నిలబడి చేదతో తోడేవాళ్లం. గొడ్లకు విడిగా తొట్టి. తోడిన నీళ్లను రెండు మడతల దగ్గరి నేత గుడ్డలో వడకట్టాలి. ఆ నీటిపురుగు గుడ్డలో ఆగిపోతుంది. పల్చటి చీరముక్క పనికిరాదు. గుడ్డను ప్రతిసారీ ఒకే వైపు పట్టుకోవాలి. తిరగేస్తే, నిన్న ఆగినదంతా ఇవాళ బిందెలోకి వెళుతుంది. ఒక మూలకు ఎర్రదారంతో ముడి కుట్టుకుంటే పొరపాటు పడం.

వడకట్టినా కాలువ నీళ్ల ఎరుపు పోదు. దానికి ఇండుపగింజ. కుండ లోపలి గోడకు నీళ్లు తడిపి, గింజను చందనం అరగదీసినట్టు రుద్దాలి. బిందెడు నీళ్లకు సగం గింజ అరిగితే చాలు. ఆ కుండలో నీళ్లు పోసి, గరిటెతో ఒకే వైపుకు వంద లెక్కపెట్టేదాకా తిప్పి వదిలెయ్యాలి. రాత్రి పెడితే తెల్లారేసరికి అడుగున నాలుగు వేళ్ల మందం బురద, పైన తేట. కుండ కదిలించకుండా చెంబుతో పైపైన ముంచుకోవాలి, వంచకూడదు. గింజ ఎక్కువ రుద్దితే తొందరగా తేరుతుందనుకోవడం పొరపాటు. వగరు దిగుతుంది, తేట రాదు. తేరిన నీళ్లను కాచి తాగాం. ఇంత చాదస్తం ఏమిటని నవ్వినవాళ్లున్నారు, నవ్వనీయండి.

పొయ్యి సంగతికి వస్తే, రేగడి మీద చెట్లుండవు. అక్కడో తుమ్మ, ఇక్కడో వేప. ఉన్న వంటచెరుకు పత్తికట్టె, జొన్న కొయ్యలు, పిడకలు. పత్తి తీతలు అయిపోయే ఫాల్గుణ చైత్రాల్లోనే నాలుగు బళ్ల కట్టె కొనిపెట్టుకోవాలి. తర్వాత దొరకదు. ఆరు పశువులకు రోజుకు అరవై కిలోల పచ్చిపేడ వస్తుంది. కిలో పేడకు ఒక పిడక. వేసవి మూడు నెలలు పెంటకుప్పకు వెయ్యకుండా అంతా పిడకలకే వాడాం, రోజుకు అరవై. పొయ్యికి పాతిక పోతే, తొంభై రోజుల్లో మూడువేల నూట యాభై మిగిలాయి. వానలు పడే అయిదు నెలలకు రోజుకు పాతిక చొప్పున మూడువేల ఏడు వందల యాభై కావాలి. తేడా పత్తికట్టె పూడ్చింది. పిడకలు ఎండాక గూడుగా పేర్చి, చుట్టూ చొప్ప నిలబెట్టి, పైనుంచి కిందికి పేడ పూత పూస్తే లోపలికి చుక్క దిగదు. పడమటి వైపు కింద ఒక కన్నం పెట్టి అక్కణ్ణుంచి లాక్కోవడం చాలామంది చేసే తప్పు. వాన ఆ వైపు నుంచే కొడుతుంది. కన్నం తూర్పుకు ఉండాలి.

జొన్నరొట్టె మన వైపువాళ్లకు చేతకాని పని. గోధుమపిండిలా చల్లనీళ్లు పోసి కలిపి, కర్రతో ఒత్తబోతే ముక్కలైపోతుంది. జొన్నపిండిలో సాగే గుణం లేదు. పక్క ఊరి అక్కలు నేర్పిన పద్ధతి ఇది. పిండి మధ్యలో గుంట చేసి సలసల కాగే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే అరచేతి మడమతో మూడు నాలుగు నిమిషాలు మెదపాలి. అక్కడ తొందరపడితే అంచులు పగులుతాయి. ముద్దను పొడిపిండి చల్లిన పీట మీద పెట్టి, ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో తట్టాలి. వేళ్లు కాదు, అరచెయ్యి తగలాలి. పెనం మీద వేసి, పైమొహానికి తడిగుడ్డతో నీళ్లు పులమాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగెయ్యాలి. ఆరిపోతే పగులుతుంది, ఆరకపోతే పెనానికి అంటుకుంటుంది. రెండో వైపు కాలాక నేరుగా నిప్పుల మీద నిలబెడితే పొంగుతుంది. విసిరి వారం దాటిన పిండితో ఎంత నేర్పరి చేసినా రొట్టె విరుగుతుంది. అందుకని తిరగలి నాలుగు రోజులకోసారి పట్టాలి. వాళ్లు రొట్టెలోకి వండే పుండిపల్లె మన గోంగూరే. ఆ ఒక్క సంగతి తెలిశాక ఇరుగుపొరుగుతో మాట కలపడానికి భాష అడ్డం రాలేదు. బియ్యాన్ని అక్కి, వడ్లను భత్త, జొన్నను జోళ అనడం వారంలో వచ్చేసింది.

పొలం గురించి ఆడవాళ్లకు పట్టే భాగం మటుకే చెబుతాను. పదెకరాల్లో ఆ ఏడు చదునైంది ఆరెకరాలు. మిట్ట కొట్టి పల్లంలో పోసేటప్పుడు అడుగుకు మించి లోతుగా కొడితే కింద ఉండే సున్నపు గులకరాళ్ల మట్టి బయటపడుతుంది. దాంట్లో నాటిన వరి పసుపురంగుకు తిరిగి ఎదగదు. అలాంటి చోట పెద్ద మడి ఆశ వదులుకుని చిన్న చిన్న మళ్లు కట్టాలి. రేగడి గట్టును మొదటి ఏడు నమ్మకూడదు. ఎండినప్పుడు కట్టిన గట్టు నీళ్లు పెట్టగానే నెర్రెల వెంట కారుతుంది. తడిమట్టిని ముద్దలుగా వేసి కాళ్లతో తొక్కుతూ కట్టినదే నిలుస్తుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి, మా వాళ్లకు నచ్చకపోయినా. ఈ ఆయకట్టులో ఏ సర్వే నంబరులో ఏ పంట వెయ్యాలో ప్రభుత్వమే రాసిపెట్టింది. దాన్ని లోకలైజేషన్ అనేవారు. ఎక్కువ భాగం జొన్న, పత్తిలాంటి ఆరుతడి పంటలకు, కొద్ది భాగమే వరికి. మన వాళ్లు నీళ్లు కనపడ్డ చోటల్లా వరే వేశారు. పై భూములు అలా తాగేస్తే చివర మాన్వి, రాయచూరు వైపు పొలాలకు అందాల్సిన నీళ్లు అందలేదు. మురుగు కాలువలు తవ్వకుండా నీళ్లు నిలబెట్టినందుకు మా పల్లపు మళ్లలోనూ అయిదారేళ్లకే తెల్లగా చౌడు పేలింది. ఆ చౌడు మట్టితో బట్టలుతికితే తెల్లగా వచ్చేవి. అంతవరకే దాని లాభం.

విత్తనం మండె కట్టడం, అంటే చల్లే ముందు మొలకెత్తించడం, ఇంటి పని. అక్కుళ్లు, కృష్ణకాటుకలు మన వైపు నుంచి తెచ్చిన రకాలు. ఎకరానికి ముప్ఫై కిలోలు, ఆరెకరాలకు నూట ఎనభై. నారు పోసే ఆకుమడి ఎకరానికి అయిదు సెంట్ల చొప్పున ముప్ఫై సెంట్లు. ముందు ఉప్పునీళ్లలో తేల్చాలి. కోడిగుడ్డు వేస్తే పావలా బిళ్లంత పైకి కనపడేటట్టు ఉప్పు కలిపితే సరైన పాకం. తేలిన తాలు తీసేసి, మునిగినవాటిని మంచినీళ్లలో రెండుసార్లు కడగాలి. ఉప్పు మిగిలితే మొలక రాదు. గోనెసంచుల్లో సగం వరకే పోసి, మూతి కట్టి, ఒక పగలూ రాత్రీ నాననివ్వాలి. నిండా పోస్తే ఉబ్బి సంచి పిగులుతుంది. తర్వాత నీళ్లు ఓడ్చి, గడ్డి పరుపు మీద జానెడు మందాన పోసి, తడిగోనెలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాలి. పూటపూటకూ గోరువెచ్చని నీళ్లు చల్లుతూ, మధ్యలోవి అంచుకు, అంచువి మధ్యకు తిరగెయ్యాలి. ఈ తిరగెయ్యడం బద్ధకిస్తే నడిమి గింజలు వేడెక్కి కల్లు వాసన కొడతాయి, అంచువి మొలకే ఎత్తవు. గోనె కిందికి చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లాడి ఒంటి వేడి తగలాలి. అంతకు మించితే వెంటనే పల్చగా పరిచెయ్యాలి. రెండో రోజు సాయంత్రానికి గింజ ముక్కున తెల్లచుక్క, మెతుకులో సగం పొడవు. అదే చల్లాల్సిన అదను. వేలెడు మొలక వచ్చేదాకా ఆగితే చల్లేటప్పుడు విరుగుతుంది, గింజలు ఒకదానికొకటి అల్లుకుపోయి గుత్తులుగా పడతాయి.

మన ఇసుక కలిసిన మడిలో దమ్ము చేసిన పూటే విత్తనం చల్లుతాం. ఇక్కడ అలా చేస్తే గింజ బురదలో మునిగి కుళ్లుతుంది. రేగడి బురద తేరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. వేలితో గీస్తే గీత పూడకుండా నిలబడాలి, అప్పుడే చల్లాలి. మొదటి ఏడు క్యాంపులో సగం ఆకుమళ్లు పలచబడింది ఇందువల్లే. కాలువకు నీళ్లు ఆలస్యం అయ్యాయని తిట్టుకున్నారు గాని, తప్పు మాది.

నాట్లకు ఎకరానికి పన్నెండు మంది ఆడకూలీలు. ఆరెకరాలకు ఇరవై నాలుగు మంది మూడు రోజులు. మధ్యాహ్నం తిండి మనదే. మనిషికి మూడు రొట్టెలంటే రోజుకు డెబ్భై రెండు రొట్టెలు, వానలో ఒక్క పొయ్యి మీద అయ్యే పని కాదు. సంకటికి మారాం. ముందు రాత్రి జొన్ననూక నానబెట్టి, ఒక కొలతకు మూడున్నర కొలతల నీళ్లు గుండిగలో మరిగించి, నూక వంచి, ఉడికాక పైన జొన్నపిండి చల్లి, మూత పెట్టి, మంట తగ్గించి, చివర తెడ్డుతో ఎత్తెత్తి కెలకాలి. పిండి చల్లగానే కెలికితే ఉండలు కడుతుంది. ఎనిమిది కిలోల నూకకు ఇరవై నాలుగు ముద్దలు. దాంట్లోకి గోంగూర పప్పు, పల్చటి మజ్జిగ. కూలి ఎంత ఇస్తారన్నది ఎలాగూ అన్ని క్యాంపుల్లో ఒకటే. రెండో ఏడు కూలీలు ఎవరి పొలానికి ముందొస్తారన్నది మటుకు మధ్యాహ్నం తిండిని బట్టే ఉండేది.

చలిజ్వరాల గురించి ఒక ముక్క. 1953లో మొదలైన మలేరియా కార్యక్రమం కింద డిడిటి చల్లేవాళ్లు పాకలకు వచ్చేవారు. వాసనకూ మరకలకూ అసహ్యపడి, మర్నాడే గోడలు పేడతో అలికేసేవాళ్లం. మందు గోడ పైపొరలో ఉండి, దోమ వచ్చి వాలితే చంపుతుంది. దాని మీద అలికితే మందును మట్టి కింద పూడ్చిపెట్టినట్టే. ఈ సంగతి చల్లేవాళ్లు చెప్పలేదు, చెప్పినా కన్నడంలో చెప్పి ఉంటారు. పండక్కి అలకాలనుకుంటే మందు చల్లే ముందే అలికి, తర్వాత నేల మాత్రం అలుక్కోవాలి. పాములు రాకుండా చల్లే మందంటూ లేదు, లాంతరూ కర్రే ఆధారం. వడ్లున్న చోటికి ఎలుక, ఎలుక వెంట పాము. గింజల దగ్గరికి చీకట్లో చెయ్యి పెట్టకపోవడమే జాగ్రత్త.

కాన్పులకు పుట్టిళ్లకు వెళ్లాలంటే రెండు రోజుల ప్రయాణం. కోతల్లో నెలలు నిండితే ఇక్కడి మంత్రసాని, సూలగిత్తే దిక్కు. వాళ్ల చెయ్యి మంచిది.

గింజలు దాచడంలో ఇక్కడివాళ్లను చూసి నేర్చుకోకూడనిది ఒకటుంది, పాతర. రేగడిలో లోతుగా గొయ్యి తీసి జొన్నలు పోసి మూస్తే, ఎండునేలలో ఏళ్లు నిలవుండేవి. కాలువ వచ్చాక నేల అడుగు నుంచి చెమ్మ ఎక్కుతోంది. పాత పాతరల్లోనే జొన్నలు ముక్కిపోయాయి. ఉన్నది తెరవాల్సివస్తే మూత తీసి ఒక పూట వదిలేసి, తాడుకు దీపం కట్టి దించి చూడాలి. దీపం ఆరిపోతే లోపల ఊపిరి ఆడదన్నమాట, మనిషి దిగకూడదు.

మాకు గడ్డి వెంటితో చుట్టి కట్టే పురే నయం. మార్గశిరం ఆఖరుకు కోత, పుష్యంలో నూర్పు. ఆరెకరాలకు డెబ్భై రెండు బస్తాలు. మన వైపు ఆ రోజుల్లో అంతకంటే బాగా పండేది, కొత్త నేలకు అదే ఎక్కువ. దాంట్లో కోత కూలి గింజలు ఆరు బస్తాలు, పాలేళ్ల జీతాలు పదిహేను, వచ్చే ఏడు పదెకరాలకూ విత్తనం నాలుగు. ఇంట్లోకి పాతిక, జొన్న కలుపుకుంటామన్న ధైర్యంతో. మిగిలిన ఇరవై రెండు నీటి తీరువాకూ లారీ బాకీకీ పోయాయి. తిండి గింజలు తీసి పక్కన పెట్టకముందే అమ్మకం బేరం మాట్లాడనివ్వకూడదు. మా అత్తగారు కళ్లంలోనే కూర్చుని పాతిక బస్తాలు విడిగా కొలిపించారు.

పురికి అడుగున రాళ్లు, రాళ్ల మీద తుమ్మ దుంగలు, దుంగల మీద జానెడు ఊక, దాని మీద గడ్డి. ఊక లేకపోతే అడుగు రెండు బస్తాలు చెమ్మకు పోతాయి. వడ్లు పంటి కింద టక్కుమని విరగాలి. మెత్తగా నలిగితే ఇంకో రోజు ఎండాలి. ఎండలోంచి వేడిగా తెచ్చి పోయకూడదు, రాత్రి చల్లారనిచ్చి తెల్లవారుజామున పొయ్యాలి. చేతి మణికట్టంత లావున వెంటి, అంటే గడ్డి తాడు, పేని, గుండ్రంగా చుట్టుకుంటూ, లోపల వడ్లు పోస్తూ, ఒక వరస వెంటి ఒక వరస గింజ, పైకి లేపాలి. పాతిక బస్తాలకు అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. వెంటి వదులుగా పేనితే నాలుగడుగులు దాటాక నడుం ఉబ్బి పక్కకు ఒరుగుతుంది. మాది ఒకసారి ఒరిగింది, విప్పి మళ్లీ చుట్టాం. విత్తనం వడ్లు పురిలో కలపకుండా విడిగా సంచుల్లో, వేపాకుతో, అటక మీద.

పురి నెత్తిన గడ్డి కప్పి, మట్టీ పేడా కలిపి మూతి మెత్తేసరికి సంక్రాంతి మూడు రోజుల్లోకి వచ్చింది. చేతులు కడుక్కుని జాడీ మూత తీస్తే ఆవకాయ అడుగున నాలుగు వేళ్ల ఎత్తుంది. వేసవిలో పాక పనులతో కొత్తది పెట్టడం కుదరలేదు. మళ్లీ కాయ వచ్చేది చైత్రం దాటాకే. కొత్త బియ్యం అన్నంలోకి ఆ పూట మనిషికి ఒక్కో ముక్క వేశాను.